కన్యాశుల్కానికి ఎల్‌ఈడీ వాల్ పెట్టాలా, తెరలు కట్టాలా? సలహా కావాలి

బొంకులదిబ్బ_బాబీ (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఆఫీసు కల్చరల్ క్లబ్ తరఫున కన్యాశుల్కం వేస్తున్నాం. మొత్తం కాదులెండి, మొత్తం వేస్తే తెల్లారిపోతుంది. గంటా యాభై నిమిషాలకు కుదించాం. నటులు దొరికారు, మధురవాణి కూడా దొరికింది. రిహార్సల్స్ నడుస్తున్నాయి. నేను సివిల్ డిప్లొమా చేశానని రంగాలంకరణ నా నెత్తిన పెట్టారు. గోడలు కట్టడం వచ్చినవాడికి సెట్టు కట్టడం రాదా అని మా సెక్రటరీ గారి లాజిక్.

స్టేజి వివరాలు: ముందు వెడల్పు 30 అడుగులు, లోతు 22, ఎత్తు నాలుగున్నర. ముందు పిల్లలకూ ముసలాళ్లకూ జంపఖానాలు పరుస్తారు, వెనక 400 కుర్చీలు. బాల్కనీ లేదు. మా స్క్రిప్టులో ఆరు చోట్లు ఉన్నాయి: బొంకులదిబ్బ, మధురవాణి ఇల్లు, అగ్నిహోత్రావధాన్లు ఇల్లు, రామప్పంతులు ఇల్లు, ఇంకా రెండు. మొత్తం బడ్జెట్ 65 వేలు. ఒకాయన 16 అడుగుల ఎల్‌ఈడీ వాల్ 40 వేలకు ఇస్తానన్నాడు. ఏ సీనుకి ఆ ఫొటో వేసేస్తే తెరలు మార్చే టెన్షన్ ఉండదు కదా? మిగతా 25 వేలతో లైట్లు, సామాన్లు. ఏమంటారు?

పిక్సెల్_రాజు

గో అహెడ్ బ్రో. నేను ఈవెంట్స్ చేస్తుంటాను. ఈ రోజుల్లో పౌరాణిక నాటకాలకు కూడా వాల్ లేకపోతే కమిటీలు ఒప్పుకోవట్లేదు. హస్తినాపురం సభ కావాలంటే ఒక్క క్లిక్. గుడ్డ తెర మీద నెమలి బొమ్మలు చూసే కాలం పోయింది. ప్యానెల్ పిచ్, అంటే చుక్కకీ చుక్కకీ మధ్య దూరం, మాత్రం అడుగు. 3.9 మిల్లీమీటర్లు అయితే 15 అడుగుల దూరంలో ఉన్నవాడికి చుక్కలు కనపడవు. అంతకంటే ముతకది అంటగడితే తీసుకోవద్దు.

రంగుల_మావయ్య

బాబూ బాబీ, నేను తెనాలి వాడిని. 41 ఏళ్లు తెరలు రాశాను. ఇప్పుడు కళ్లు సరిగా కనపడక మానేశాను, ఈ పోస్టు కూడా మనవడు టైపు చేస్తున్నాడు. ముందు ఒక్క ప్రశ్న. మీ నాటకంలో మంచం ఎత్తు ఎంత?

బొంకులదిబ్బ_బాబీ

మంచం ఇంకా తీసుకోలేదు మావయ్య గారూ. టెంట్ హౌస్‌లో ఏదో ఒకటి తెస్తాం. ఎందుకు అడిగారు?

రంగుల_మావయ్య

గిరీశం ఎక్కడ దూరతాడు నాయనా? వాల్‌లోనా?

ప్రేక్షకుడు_మొదటివరస

😂😂 మావయ్య గారికి దండం.

లైటింగ్_లక్ష్మి

మావయ్య గారు నవ్విస్తూ అసలు విషయం పట్టుకున్నారు. నేను థియేటర్ ఆర్ట్స్ చదివి పన్నెండేళ్లుగా లైట్లు చేస్తున్నాను. బాబీ గారూ, మీరు వెనక ఏం కనపడాలి అన్న దగ్గర మొదలుపెట్టారు. అందరం అక్కడే మొదలుపెడతాం, నేనూ అంతే. స్క్రిప్టు తీసుకుని ఒక్కో సీనులో నటుడు దేన్ని పట్టుకుంటాడు, ఎక్కడ కూర్చుంటాడు, ఎటు నుంచి పారిపోతాడు అని ఒక కాగితం మీద రాయండి. బొంకులదిబ్బ సీనులో గిరీశం నడుస్తాడు, మాట్లాడతాడు. అతనికి అక్కడ నేల తప్ప ఏమీ అక్కర్లేదు. మధురవాణి ఇంట్లో అలా కాదు. తలుపు కావాలి, ఎవరు తడుతున్నారో అని లోపలివాళ్లకు భయం పుట్టాలి కాబట్టి. గిరీశం కింద దూరి దాక్కోవడానికి మంచం కావాలి. అతన్ని వెతుక్కుంటూ వచ్చే పూటకూళ్లమ్మ చేతిలో చీపురుకట్ట కావాలి. మంచం పైన ఒక నాటకం, కింద ఇంకో నాటకం నడుస్తున్నప్పుడు వెనక గోడ మీద ఏ ఫొటో ఉందో ఎవరు చూస్తారు?

ఇంకో మాట. మీ ప్రేక్షకుల్లో సగం మంది కోట పక్కనుంచి, ఆ బొంకులదిబ్బ మీదుగానే హాలుకొస్తారు. వాళ్లకు దాని ఫొటో చూపించి ఏం లాభం?

పిక్సెల్_రాజు

మేడమ్, అలా అయితే సెట్టే వద్దనండి, నలుగురు నిలబడి చదివేస్తారు. నాటకంలో ప్రొజెక్షన్ వాడటం నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు. 1920ల్లోనే బెర్లిన్‌లో పిస్కాటర్ అనే దర్శకుడు స్టేజి మీద సినిమా రీళ్లు నడిపాడు. చెక్ దేశం నుంచి స్వోబొద అనే ఆయన 1958లో బ్రస్సెల్స్ ఎక్స్‌పోలో లాటెర్నా మాజికా చూపించాడు. తెర మీద బొమ్మ, దాని ముందు నిజం మనిషి, ఇద్దరూ కలిసి ఆడారు. జనం ఊగిపోయారు. మనం చేస్తే మాత్రం తప్పా?

సురభి వాళ్ల సంగతి చెప్పండి. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగురుకుంటూ వెళ్తుంటే పిల్లలు ఎలా చూస్తారు? అదీ ట్రిక్కే కదా. వాళ్ల దగ్గర అప్పట్లో ఎల్‌ఈడీ ఉంటే వాడేవాళ్లు కాదా?

రంగుల_మావయ్య

వాడేవాళ్లేమో బాబూ. సురభి వాళ్లు దేనికీ వెనకాడే మనుషులు కారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచక వధతో మొదలెట్టారు. అప్పటినుంచి కరెంటు వచ్చింది, మైకు వచ్చింది, అన్నీ వాడుకున్నారు. కాని ఒక సంగతి చెప్తా విను. నేను కుర్రాడిగా వాళ్ల క్యాంపులో పది రోజులు ఉన్నాను. నన్ను వింగు (స్టేజి పక్క తెర) వెనక కూర్చోబెట్టారు. రెండు బాణాలు గాల్లో కొట్టుకుంటాయి చూడు, నిప్పురవ్వలు రాల్తాయి. నల్లటి తీగ, నల్లటి తెర, దాని మీద బాణం జారుతుంది. జనానికి తీగ కనపడదు. ఆ తీగ లాగే ఆయన వయసు అరవై పైనే. ఆయన చూపు బాణం మీద లేదు, వేషగాడి మోచేతి మీద ఉంది. వేషగాడు పద్యం చివర రాగం ఇంకాస్త సాగదీశాడు. ఈయన ఆగాడు. రాగం ముగిసింది, మోచెయ్యి వెనక్కి వెళ్లింది, అప్పుడు వదిలాడు. ఆ మనిషి కూడా వేషం కట్టినట్టే లెక్క. రంగు పూసుకోలేదంతే.

లైటింగ్_లక్ష్మి

ఇందులో రాజు గారి వైపు కూడా కొంత న్యాయం ఉంది. వాల్ ఆపరేటర్ కూడా ఆగగలడు. నాటకం తెలిసినవాడైతే, కనీసం రెండు రిహార్సల్స్‌కు వచ్చినవాడైతే. మా అనుభవంలో సాయంత్రం ఐదుకు వచ్చి ప్యానెళ్లు బిగించి, పెన్ డ్రైవ్ అడిగి, ఆరున్నరకు నాటకం మొదటిసారి చూసేవాడే ఎక్కువ. స్వోబొద వెనక నెలల తరబడి చేసిన కసరత్తు ఉంది, 40 వేల అద్దెలో అది రాదు కదా.

నా అసలు గొడవ వేరే. వాల్ స్వయంగా వెలుగుతుంది. తెర మీద మనం వెలుగు వేస్తాం, తగ్గిస్తాం. వాల్ ముందు నిలబడ్డ నటుడి ముఖం నల్లబడుతుంది. అది పోవాలంటే ముందునుంచి లైట్లు ఇంకా పెంచాలి. పెంచితే ఆ వెలుగు ప్యానెళ్ల మీద పడి బొమ్మ వెలిసిపోతుంది. వాల్ బ్రైట్‌నెస్‌ను 20, 25 శాతానికి దించితే కొంత నయం, కాని దించమంటే చాలామంది ఆపరేటర్లు మొహం చిట్లిస్తారు. పైగా రాత్రి సీన్లు ఏం చేస్తారు? వాల్ మీద నలుపు వేసినా, ముందు లైట్లు దాని మీద పడితే అది బూడిద రంగు గోడలాగే కనపడుతుంది. గుడ్డ తెరను చీకట్లో వదిలేస్తే అది లేనట్టే ఉంటుంది.

పరిషత్తు_పంతులు

నేను పాతికేళ్లుగా నాటక పరిషత్తు పోటీలకు తిరుగుతున్నాను, కొన్నిటికి న్యాయనిర్ణేతగా. రంగాలంకరణకు మార్కులు వేయాలంటే నాకు చెయ్యి వణుకుతుంది. ఎందుకంటే మన పరిషత్తు సెట్టు ఒకటే సెట్టు. ఎడమ వైపు గుమ్మం, కుడి వైపు వంటింటి దారి, మధ్యలో సోఫా, టీపాయ్, గోడకి దేవుడి క్యాలెండర్, వెనక ఎవరూ ఎక్కని మెట్లు. తండ్రి రైతు అయినా అదే సోఫా, కలెక్టరైనా అదే సోఫా. తప్పు వాళ్లది కాదు. ఒక్క రోజులో నాలుగైదు నాటికలు, ఒక దానికీ ఇంకో దానికీ మధ్య అరగంట. అందరికీ ఒకే కాంట్రాక్టరు ఫ్లాట్లు, అంటే గోడల్లా నిలబెట్టే చట్రాలు. ఆ అరగంటలో ఎవరైనా ఏం చేస్తారు?

అయినా ఒకసారి ఒక చిన్న సమాజం వాళ్లు ఆ సోఫా కూడా వద్దన్నారు. స్టేజి మధ్యలో ఒక ఉయ్యాల బల్ల, అంతే. నాటిక అంతా అన్నదమ్ముల ఆస్తి తగాదా. ఎవరు మాట్లాడినా ఆ బల్ల మీద కూర్చునే మాట్లాడాలి, ఊగుతూ. తగాదా ముదిరే కొద్దీ బల్ల కిర్రుకిర్రుమంటుంది. చివరికి ఎవరూ కూర్చోని బల్ల ఊగుతూ ఉంటే తెర పడింది. నేను పూర్తి మార్కులు వేశాను. తోటి జడ్జి గారు సెట్టే లేదు కదండీ అని సున్నాకు దగ్గరగా వేశారు. వాళ్లకు బహుమతి రాలేదు.

తెరచాటు

పంతులు గారు చెప్పింది చదివి కూచిపూడి గుర్తొచ్చింది. భామాకలాపంలో సెట్టు ఏముంది? ఇద్దరు పట్టుకునే తెర. సత్యభామ దాని వెనక నిలబడి జడ ముందుకు వేస్తుంది. ముఖం కనపడకముందే ఆవిడ గర్వం జనానికి తెలిసిపోతుంది. ఆ తెర తీసేసి ఆవిడను నేరుగా స్టేజి మధ్యకు నడిపించండి, సగం సత్యభామ పోయినట్టే.

నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగం అని ఒకటి చెప్పాడు. రంగస్థలాన్ని భాగాలుగా అనుకుంటారు. నటుడు నాలుగడుగులు చుట్టూ తిరిగితే వేరే చోటికి వచ్చినట్టే. ఇల్లు, అడవి, ఊరు అన్నీ నడకతోనే మారిపోతాయి. అలాగని మనవాళ్లు వస్తువులే వద్దన్నారనుకోకండి. అదే గ్రంథంలో ఆహార్యం కింద పుస్తం అని వెదురు, గుడ్డ, తోలుతో కొండలు, రథాలు, ఏనుగులు ఎలా చేసుకోవాలో కూడా చెప్పాడు. ఏది ఎప్పుడు అన్నదే తేలాల్సింది. ఆ తగాదా మనం ఇంకా పడుతున్నాం.

ప్రేక్షకుడు_మొదటివరస

ఇక్కడ అందరూ పండితులే, నాది మాత్రం టికెట్ కొన్న మనిషి మాట. మా ఊరి జాతరలో పోయిన ఏడాది హరిశ్చంద్ర కాటి సీను ఎల్‌ఈడీతో వేశారు. వెనక చితి మంటలు, చాలా నిజంగా ఉన్నాయి. పద్యం మొదలయ్యాక నా పక్కనున్న ముసలాయన "ఆ మంట కాస్త ఆపమనండ్రా, వీడి మొహం కనపడట్లేదు" అని అరిచాడు. ఆపరేటర్ ఆపాడు. దాంతో వాల్ మీద కంపెనీ లోగో వచ్చింది. పాపం చంద్రమతి ఏడుపు అంతా ఆ లోగో కిందే.

పిక్సెల్_రాజు

ఒప్పుకుంటున్నా, లోగో పెట్టుకునే అలవాటు మా వాళ్లకు ఉంది. 😅 కాని ఒక్క చెత్త ఆపరేటర్‌ను చూపించి మొత్తం టెక్నాలజీని తిట్టడం న్యాయం కాదు. చిరిగిన తెరలు, మధ్యలో ఇరుక్కుపోయిన తెరలు ఎన్ని చూడలేదు మనం.

రంగుల_మావయ్య

అదీ నిజమే. నా తెరే ఒకటి రేపల్లె దగ్గర సగంలో ఇరుక్కుంది. పైన రాజభవనం, కింద అడవి. రాముడు ఆ రెండింటి మధ్య పది నిమిషాలు నిలబడ్డాడు. నేను పైకెక్కి తాడు కోశాను.

తెరల్లో ఉన్న అసలు లోపం నేనే చెప్తాను, వేరేవాళ్లు చెప్పేలోపు. ఈ దూరం చూపించే తెరలు మనకు పార్సీ నాటక కంపెనీల దగ్గర్నుంచి వచ్చాయి. 1880 ప్రాంతంలో ధార్వాడ సమాజం వాళ్లు వచ్చి ఆడిపోయాక మన దగ్గర అందరికీ ఆ పిచ్చి పట్టింది. తర్వాత రవివర్మ బొమ్మల పిచ్చి కూడా కలిసింది. స్తంభాలు వెనక్కి పోయే కొద్దీ చిన్నవి చేసి గీస్తాం. హాల్లో కూర్చున్నవాడికి వంద అడుగుల మండపం కనపడుతుంది. బ్రహ్మాండం. కాని వేషగాడు ఉత్సాహం కొద్దీ వెనక్కి నడిచి ఆ చివరి స్తంభం పక్కన నిలబడ్డాడనుకో, స్తంభం అతని నడుం దాకా ఉంటుంది. ధర్మరాజు హఠాత్తుగా రాక్షసుడైపోతాడు. అందుకే మేము తెరకు ఆరడుగుల ముందు సుద్దతో గీత గీసి, ఇది దాటొద్దు అని చెప్పేవాళ్లం. మీ ఎల్‌ఈడీ ఫొటోకీ ఇదే జబ్బు ఉంది. ఆ గీత గీసేవాడు లేడు.

బొంకులదిబ్బ_బాబీ (మంగళవారం, రాత్రి 11:05)

బాబోయ్, ఒక్క రోజులో ఇన్ని పోస్టులు. అన్నీ మా డైరెక్టర్ గారికి చదివి వినిపించాను. వాల్ మీద ఆయనకు కూడా ఆశ తగ్గింది. ఇప్పుడు మంచం దగ్గరికి వస్తాను. ఇంట్లో ఉన్న మంచం 18 అంగుళాలు. స్టేజి అంచు నుంచి ఆరడుగుల లోపల వేద్దామనుకుంటున్నాం. సరిపోతుందా?

లైటింగ్_లక్ష్మి

లెక్క వేద్దాం. మీరు సివిల్ కాబట్టి బెదరరు.

జంపఖానా మీద కూర్చున్న పిల్లవాడి కన్ను నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మీ స్టేజి నాలుగున్నర. అంటే స్టేజి నేల అతని కంటికి రెండడుగులు పైన. అతను అంచుకు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్నాడనుకోండి. చూపు అంచును రాసుకుంటూ పైకి పోతుంది, ఎనిమిది అడుగులకు రెండడుగులు, అంటే అడుగుకు పావు అడుగు. మంచం ఆరడుగులు లోపల ఉంటే అక్కడ నేల నుంచి ఒకటిన్నర అడుగు అతనికి కనపడదు. ఒకటిన్నర అడుగంటే 18 అంగుళాలు. మీ మంచం ఎత్తు ఎంతన్నారు?

బొంకులదిబ్బ_బాబీ

18 అంగుళాలు 🤦 అంటే ముందు కూర్చున్న పిల్లలకు గిరీశం అస్సలు కనపడడు!

లైటింగ్_లక్ష్మి

అవును. వెనక కుర్చీల వాళ్లకు కొంత నయం. కాని ఆ సీనుకి ఎక్కువ నవ్వేది ముందు కూర్చున్న పిల్లలే. వాళ్లు నవ్వితేనే వెనక వాళ్లు నవ్వుతారు.

చేయగలిగినవి రెండు. మంచాన్ని ముందుకు తేవడం, కింద లెవెల్ వేయడం. నాలుగడుగుల లోపలికి తెస్తే మరుగు ఒక అడుగుకు తగ్గుతుంది. 9 అంగుళాల ప్లాట్‌ఫారం వేస్తే దాని మీద మూడు అంగుళాలే మరుగు. పడుకున్న మనిషి ముఖం హాయిగా కనపడుతుంది. ఇంకా ముందుకు జరపాలని ఉన్నా ముందు తెర ఎక్కడ పడుతుందో చూసుకోండి, మంచం మీద పడితే ఇంకో కామెడీ.

తెరచాటు

మంచం ఏ రకం? నులక మంచం అయితే మధురవాణి కూర్చోగానే కిందికి సాగి గిరీశం వీపుకు తగులుతుంది. పైగా అది వేశ్య ఇల్లు, ఆవిడ దర్జా ఆవిడది. పట్టె మంచం ఉండాలి. పందిరి మంచం అయితే ఇంకా అందమే కాని కోళ్లు పొడుగు, దోమతెర గుడ్డలు ముఖాలకు అడ్డం.

పరిషత్తు_పంతులు

దుప్పటి సంగతి మర్చిపోకండి. మంచం మీద దుప్పటి నేల దాకా వేలాడితే లోపలి మనిషి ఎవరికీ కనపడడు. అసలు వేలాడకపోతే పూటకూళ్లమ్మకు ఎందుకు కనపడలేదో అని జనం అడుగుతారు. తలుపు వైపు పూర్తిగా వేలాడాలి, జనం వైపు నాలుగు వేళ్లు మాత్రం వేలాడాలి. మా కాలంలో ఒక నటుడు తన వైపు దుప్పటి చివర తనే చేత్తో ఎత్తి బయటకు చూసేవాడు. చప్పట్లు పడేవి.

లైటింగ్_లక్ష్మి

ఇంకో చిక్కు. లైట్లన్నీ పైనుంచి సుమారు 45 డిగ్రీల్లో పడతాయి. మంచం కింద చీకటి. చూపు కుదిరినా వెలుగు లేకపోతే కష్టం. ముందు పట్టె లోపలి వైపున వెచ్చటి రంగు స్ట్రిప్ లైటు ఒక రెండడుగులు అతికించండి, జనం కంటికి నేరుగా కనపడకుండా. దానికి వేరే డిమ్మర్ (వెలుగు పెంచి తగ్గించేది) పెట్టండి. గిరీశం దూరాక మెల్లగా పెంచాలి. మొదట్నుంచీ వెలుగుతూ ఉంటే మంచం కింద ఏదో జరగబోతోందని ముందే చెప్పినట్టు అవుతుంది.

పిక్సెల్_రాజు

ఎల్‌ఈడీ వాల్ వద్దు వద్దంటూ చివరికి మంచం కింద ఎల్‌ఈడీ పెట్టించారు. నేనే గెలిచాను 😎

రంగుల_మావయ్య

గెలిచావులే నాయనా. (మనవడు నవ్వుతున్నాడు.)

డిమ్మర్ అంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో ఉప్పునీళ్ల డిమ్మర్లు. మట్టి కుండలో ఉప్పునీళ్లు, అడుగున ఒక రేకు, పైనుంచి తాడుతో ఇంకో రేకు. దించే కొద్దీ లైటు పెరుగుతుంది. సూర్యోదయం కావాలంటే ఒక కుర్రాడు కుండ దగ్గర కూర్చుని మెల్లగా దించాలి. నీళ్లు కాగి ఆవిరి వచ్చేది. వాడికి షాక్ కొట్టకుండా తెల్లారితే ఆ రోజు మంచి రోజు. ఎవరూ ప్రయత్నించకండి.

డల్లాస్_సుబ్బు

ఆలస్యంగా వచ్చాను, మా దగ్గర ఇప్పుడే తెల్లారింది. మేము ఇక్కడ స్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుని తెలుగు నాటకాలు వేస్తుంటాం. రూల్స్ చూస్తే మీకు నవ్వొస్తుంది. స్టేజికి మేకు కొట్టకూడదు. గుడ్డ ఏది కట్టినా మంటలంటని మందు కొట్టినట్టు సర్టిఫికెట్ చూపించాలి. హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించకూడదు. రాత్రి పదికల్లా స్టేజి ఊడ్చి ఇచ్చేయాలి. అందుకని మా సెట్టు అంతా ప్లాస్టిక్ పైపులు, చీరలు. నిజంగా చీరలే, ఆడవాళ్లు ఇళ్లనుంచి తెచ్చినవి. మధురవాణి ఇంటికి వెనక మూడు పాత పట్టుచీరలు వేలాడదీశాం. ఇంటావిడలు సగం సేపు ఎవరి చీర ఏదో గుర్తుపట్టుకుంటూ కూర్చున్నారు. అయినా ఆ జరీ మీద లైటు పడితే ఇల్లు ఇల్లులాగే కనపడింది. బాబీ గారికి 65 వేలలో ఇది బాగా పనికొస్తుంది అనుకుంటున్నాను.

మాకు పట్టె మంచం దొరకలేదు. మడత బల్ల మీద దుప్పటి వేశాం. గిరీశం దూరగానే బల్ల మడత పడింది. వివరాలు అడగొద్దు.

కలకత్తా_కామేశం

నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు కలకత్తాలో ఉన్నాను. అక్కడ రంగాలంకరణ చేసినవాళ్ల పేర్లు జనానికి తెలుసు, నాకు ముందు అదే ఆశ్చర్యం. 1954లో బహురూపి నాటక సమాజం వాళ్ల రక్తకరబి (ఠాగూర్ నాటకం)కి ఖాలెద్ చౌధురి వేసిన సెట్టు గురించి ముసలాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1959లో మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ అంగార్ ఆడాడు. బొగ్గు గనిలోకి నీళ్లు వస్తాయి, లోపల కార్మికులు మునిగిపోతారు. స్టేజి మీద చుక్క నీళ్లు లేవు. తాపస్ సేన్ వెలుగుతోనే నీళ్లు పైకి పైకి వచ్చినట్టు చేశాడు. జనం ఊపిరి బిగబట్టారట. నాటకాన్ని లైట్లు మింగేశాయని విమర్శ కూడా వచ్చింది. పేరు, తిట్టు రెండూ లైట్లాయనకు దక్కాయి. మన దగ్గర కరపత్రంలో లైట్లాయన పేరు చివర, టీలు సప్లై చేసినవాళ్ల పైన ఉంటుంది.

లైటింగ్_లక్ష్మి

కామేశం గారూ, పైనా? అదృష్టవంతులు. నా పేరు ఒకసారి టీల కింద వచ్చింది.

తెరచాటు

ఇంకో వైపు కూడా ఉంది. 1963లో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల్లో దర్శకుడు అల్కాజీ అంధాయుగ్ నాటకం వేశాడు. కురుక్షేత్రం ముగిశాక మిగిలిన లోకం కథ అది. దానికి గోడలు కట్టాల్సిన పనే లేకపోయింది, కూలిన గోడలు అక్కడే ఉన్నాయి. చోటు ఎంచుకోవడమే సెట్టు కట్టడం. బాబీ గారూ, మీ ఊళ్లోనే 1892లో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఈ నాటకం మొదటిసారి ఆడారు. ఎప్పుడైనా నిజం బొంకులదిబ్బ మీదే ఆ ఒక్క సీను వేసి చూడండి.

బొంకులదిబ్బ_బాబీ

అక్కడ ట్రాఫిక్ ఆపడానికి ఎస్పీ గారి పర్మిషన్ కావాలండీ 😄 కాని ఆలోచన బాగుంది.

ఫైనల్‌గా ఇలా అనుకున్నాం. వాల్ క్యాన్సిల్. వెనక ఒకే లేత బూడిద రంగు గుడ్డ, దాని మీద లైటు రంగు మాత్రం మారుతుంది. కదిలే తలుపు ఒకటి, చట్రంతో సహా చక్రాల మీద. ఒక సీనులో అది మధురవాణి తలుపు, తిప్పితే అగ్నిహోత్రావధాన్లు వీధి గుమ్మం. పట్టె మంచం వడ్రంగి చేత చేయిస్తున్నాం, 22 అంగుళాలు. సుబ్బు గారి చీరల ఐడియా మా ఆవిడకు నచ్చింది, నా జేబుకు ఇంకా నచ్చింది.

పరిషత్తు_పంతులు

తలుపు చక్రాలకు బ్రేకు పెట్టండి. చెప్పానని గుర్తుంచుకోండి.

బొంకులదిబ్బ_బాబీ (మూడు వారాల తర్వాత, ఆదివారం)

నిన్న నాటకం అయింది. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

ముందు చెడ్డవి. పంతులు గారూ, బ్రేకులు నాలుగు పెట్టాం, మూడే పనిచేశాయి. పూటకూళ్లమ్మ దబదబా బాదేసరికి తలుపు మెల్లగా పక్కకు జరగడం మొదలెట్టింది. ఆవిడ నిజంగా గొప్ప నటి, బాదుతూనే తలుపుతో పాటు జరిగింది. జనం అది నాటకంలో భాగమనుకున్నారు. మైకులు ముందు అంచున స్టాండ్లకు పెట్టాం, మంచం కిందనుంచి గిరీశం గొణిగింది సగం వినపడలేదు. ఈసారి మంచం కోడుకు చిన్న మైకు కట్టాలి.

గుడ్డ తెర గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అది ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. మొదట కాస్త బాధేసింది, నేనే కుట్టించాను కదా.

మంచం మాత్రం పండింది. లక్ష్మి గారు చెప్పినట్టు నాలుగడుగుల లోపల, 9 అంగుళాల లెవెల్ మీద. గిరీశం దూరాడు, స్ట్రిప్ లైటు మెల్లగా వచ్చింది. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో గది అంతా చూస్తోంది. జంపఖానా మీద ముందు వరసలో నాలుగైదేళ్ల పిల్ల లేచి నిలబడి "అమ్మమ్మా, మంచం కింద! మంచం కింద!" అని అరిచింది. హాలంతా గొల్లుమంది. మా పూటకూళ్లమ్మ ఒక్క క్షణం ఆ పిల్ల వైపు చూసి, చీపురుకట్ట ఊపి, మళ్లీ వెతకడం మొదలెట్టింది. మంచం కింద మా గిరీశం ఆ పిల్లకు చేతులు జోడించాడు. అది రిహార్సల్‌లో లేదు.

రంగుల_మావయ్య

చాలు బాబూ. ఆ పిల్లకు కనపడిందిగా.

లైటింగ్_లక్ష్మి

రాజు గారూ, మీ స్ట్రిప్ లైటుకు కూడా అభినందనలు.

పిక్సెల్_రాజు

థాంక్స్ మేడమ్. వచ్చే నెల మా ఊళ్లో మాయాబజార్ ఉంది, వాల్ నాదే. రెండు రిహార్సల్స్‌కు వెళ్తున్నా. లోగో తీసేశా.

డల్లాస్_సుబ్బు

బాబీ గారూ, ఆ మంచం కొలతలు కాస్త పంపగలరా? కోళ్లు విడదీసి బిగించేలా చేయించారా, లేక ఒకే ముక్కా? ఇక్కడ మా నటుడొకరికి వడ్రంగం వచ్చు. మడత బల్ల గాయం ఆయనకింకా మానలేదు, చాలా శ్రద్ధగా చేస్తానంటున్నాడు.

బొంకులదిబ్బ_బాబీ

పొడవు ఆరున్నర, వెడల్పు మూడున్నర, ఎత్తు 22 అంగుళాలు. నాలుగు కోళ్లూ బోల్టులతో ఊడతాయి. బొమ్మ గీసి రేపు పెడతాను. ప్రస్తుతం మంచం మా ఇంట్లోనే ఉంది, మా చిన్నోడు దాని కింద నుంచి బయటికి రావట్లేదు.